దీవుల్ని మింగేసిన బొమ్మ

ఒరేయ్ శీనూ,

ఉత్తరం రాస్తానని మూడు నెలలు తిప్పించుకున్నాను, తిట్టుకునే ఉంటావు. సరే, ఇవాళ తీరిగ్గా కూర్చున్నా.

నిన్న న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంకి వెళ్లాను. అబద్ధమెందుకు, వాన పడుతుంటే దూరాను. అమెరికావాళ్ల బొమ్మలుండే వైపు ఊరికే తిరుగుతుంటే ‘లేక్ జార్జ్’ అని పేరు కనపడింది. కిందటి వేసవిలో పిల్లల్ని తీసుకెళ్లి పడవెక్కించిన సరస్సేరా అది! జాన్ ఫ్రెడరిక్ కెన్సెట్ అనే ఆయన 1869లో వేశాడు. ఐదున్నర అడుగుల వెడల్పు.

తెలిసిన ఊరి ఫోటో చూస్తే ముందు మనిల్లెక్కడా అని వెతుక్కుంటాం కదా. నేను దీవుల్ని వెతికాను. 50 కిలోమీటర్ల పొడవున్న ఆ సరస్సులో 170కి పైగా దీవులున్నాయి. నారోస్ అనే ఇరుకు దగ్గరైతే అడుగడుక్కీ ఒకటి అడ్డొస్తుంది. బొమ్మ ఆ వైపు చూస్తూ వేసిందే. కానీ చాలా దీవులు మాయం! నీళ్లు ఖాళీగా కనపడాలని ఆయనే తీసేశాడట. నాకు ముందు ఒళ్లు మండింది.

ఇంకా తమాషా ఏంటంటే, ఆయన మొదట్లో కరెన్సీ నోట్లకి అచ్చులు చెక్కినవాడు. వెంట్రుకంత గీత తప్పినా కుదరని పని. అలాంటివాడు దీవుల్నే మింగేశాడు.

తర్వాత దగ్గరికెళ్లి నిలబడ్డాను. ముందున్న రాళ్ల పగుళ్లు లెక్కపెట్టొచ్చు. నీళ్ల మీద మాత్రం కుంచె ఆడిన జాడే లేదు. కొండల రంగు నీకెలా చెప్పాలి? పొద్దున్నే కట్టెల పొయ్యి మీద వేణ్ణీళ్లు కాగుతుంటే పెరడంతా అలుముకుంటుందే, ఆ పొగ రంగు. పావుగంట అక్కడే ఉండిపోయాను. కాపలా ఆయన రెండుసార్లు అనుమానంగా చూశాడు.

1870లో ఈ మ్యూజియం పెట్టినవాళ్లలో కెన్సెట్ కూడా ఒకడు. ఆ తర్వాత రెండేళ్లకే పోయాడు, 56 ఏళ్లకి. బొమ్మ జెసప్ అనే బ్యాంకరు ఇంట్లో ఉండేది. ఆయన భార్య వీలునామాలో రాసిస్తే ఇక్కడికి చేరింది.

అన్నట్టు, తొమ్మిదో తరగతిలో నువ్వు మన చెరువుగట్టు బొమ్మ వేసి కరెంటు స్తంభం వదిలేశావని డ్రాయింగు మాస్టారు చెవి మెలేశారు, గుర్తుందా? నేనూ ఆయన పక్షమే మాట్లాడాను. ఆ బొమ్మ ఇంకా ఉందా? అటక మీద వెతికి ఫోటో పంపు.

నీ
రాంబాబు