పగటి గంటలు లెక్కేసుకుని నడువు, తల్లీ

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ప్లాన్ అందింది. బ్రిటన్ ఈ చివర నుంచి ఆ చివరకు, అదీ చలికాలంలో, ఒక్కదానివే నడుస్తానని ఫోన్‌లో చెప్పినప్పుడు మీ అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. వద్దనడానికి నేనీ ఉత్తరం రాయడం లేదు. వారం రోజులుగా మ్యాపులు ముందేసుకుని కూర్చున్నాను. నీ ప్లాన్ తిరగేసి చూడమని అడుగుతున్నాను, అంతే.

నువ్వు కిలోమీటర్లు లెక్కేశావు, రోజుకి 30 అని. చలికాలం నడకలో ముందు లెక్కేయాల్సింది వెలుతురు. డిసెంబర్ 21 ప్రాంతంలో ఉత్తరపు చివరన ఉన్న జాన్ ఓ గ్రోట్స్‌లో పగలు దాదాపు 6 గంటల 15 నిమిషాలే. అదే రోజు దక్షిణపు చివరన ఉన్న ల్యాండ్స్ ఎండ్‌లో 8 గంటలు. ఒంట్లో ఓపిక ఉండగానే ఉత్తరాన ఉన్న కష్టం పూర్తి చేసేద్దామని నువ్వు డిసెంబర్ 1న జాన్ ఓ గ్రోట్స్ నుంచి బయలుదేరుతున్నావు. అంటే ఏడాదిలో అతి చిన్న రోజుల్లో, అతి చీకటిగా ఉండే చోట నడుస్తావన్న మాట.

అదే తేదీన ల్యాండ్స్ ఎండ్ నుంచి మొదలుపెట్టు. రోడ్డు మీదైతే 1,400 కిలోమీటర్లు, నీలా కాలిబాటలు పట్టుకుంటే 1,900 దాకా వస్తుంది. రోజుకి 20 చొప్పున 95 రోజులు, వారానికో రోజు విశ్రాంతి కలిపితే మార్చి 20 ప్రాంతానికి చేరతావు. అప్పటికి అక్కడ పగలూ రాత్రీ సమానం. నువ్వు ఉత్తరానికి వెళ్తున్నకొద్దీ వెలుతురూ నీతో పాటే పెరుగుతూ వస్తుంది. ఆ దేశంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి వాన వీపు మీద పడుతుంది, ముఖాన కొట్టదు. కిందికి దిగి ఉండే చలికాలపు ఎండ కూడా కళ్లలో పడదు.

ఈ లెక్కన ఉత్తర ఇంగ్లండ్ కొండల మీదుగా వెళ్లే పెన్నైన్ వే కాలిబాటలో డఫ్టన్ అనే ఊరికి ఫిబ్రవరి మొదట్లో చేరతావు. ఆ ఊరికీ, ఆల్‌స్టన్ ఊరికీ మధ్య దారి ఒకే రోజు అని రాశావు. అది 30 కిలోమీటర్ల పైమాటే, మధ్యలో క్రాస్ ఫెల్ అనే కొండ, ఎత్తు 893 మీటర్లు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన చెప్పిన లెక్క కొండలు నడిచేవాళ్లు ఇప్పటికీ వాడతారు: 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. ఆ ప్రకారం ఎక్కడా కూర్చోకుండా నడిచినా 8 గంటలు. పగలు ఉండేది 9 గంటల లోపు. మంచు పడితే ఆ లెక్క సరిపోదు. పైగా హెల్మ్ అని ప్రత్యేకంగా పేరున్న గాలి వీచే కొండ అది. వాతావరణం బాగాలేకపోతే డఫ్టన్‌లోనే ఆగిపో, లేదా కింద లోయ దారి పట్టుకో. ఆ చుట్టుదారిని మ్యాపులో పెన్సిల్‌తో గీసి పెట్టాను.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. సర్వే ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక కొండ మీద పని. మంచు లేదు, సన్నగా వాన, గాలి. గ్లవ్స్ తడిసిపోయాయి. పొడి స్వెట్టర్ తీసుకుందామని బ్యాగు దించాను. బకిల్ నొక్కాలి. నా బొటనవేలు దాని మీదే ఉంది, కళ్లకి కనిపిస్తోంది, కానీ నొక్కుతోందో లేదో నాకు తెలియడం లేదు. ఎంతసేపు అలా కూర్చున్నానో గుర్తులేదు. నాతో ఉన్నాయన నా మాట ముద్దగా వస్తోందని గమనించి, బ్యాగు తనే విప్పి, బట్టలు మార్పించి, చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. నాకు మాత్రం నేను బాగానే ఉన్నాననిపించింది.

నీ పక్కన అలా చెప్పే మనిషి ఉండడు తల్లీ. అందుకే గంటకోసారి బొటనవేలితో చిటికెనవేలు తాకించి చూసుకో. తాకలేకపోతే అక్కడికక్కడే ఆగి పొడివి వేసుకో, ఏదైనా తిను. వణుకు తగ్గిపోయి హాయిగా అనిపిస్తే అది ఇంకా ప్రమాదం. ఒక జత బట్టలు పడుకోవడానికే ఉంచుకో. పొద్దున్నే మళ్లీ తడి బట్టలు తొడుక్కోవడానికి ప్రాణం ఒప్పుకోదు, అయినా అవే తొడుక్కోవాలి. ఫోను, నీళ్ల ఫిల్టర్ రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకో. చలికి బ్యాటరీ పడిపోతుంది, ఫిల్టర్‌లో నీళ్లు గడ్డకడితే అది పాడైనట్టు పైకి కనిపించదు.

టెంట్ సంగతి. ఇంగ్లండ్‌లో, డార్ట్‌మూర్ అనే బీడు కొండల ప్రాంతంలో కొన్ని చోట్ల తప్ప, భూమి యజమానిని అడగకుండా టెంట్ వేయకూడదు. స్కాట్లాండ్‌లో 2003 చట్టం ఆ హక్కు ఇచ్చింది. కానీ అక్కడి లాక్ లోమండ్ సరస్సు ఒడ్డున కొన్ని చోట్ల మార్చి 1 నుంచి పర్మిట్ కావాలి, నువ్వు అక్కడికి చేరేది సరిగ్గా ఆ రోజుల్లోనే. క్యాంప్‌సైట్లు చలికాలంలో చాలావరకు మూసేస్తారు, ఒక్కొక్కదానికీ ముందే ఫోన్ చెయ్యి. ఉత్తరాన ఇన్వర్నెస్ ఊరు దాటాక రోడ్డు మీద నడవాల్సి వస్తే కుడి పక్కన, ఎదురొచ్చే బళ్లు కనిపించేలా నడువు. మెరిసే జాకెట్ పగలు కూడా తీయకు.

విజిల్ మెడలోనే ఉండాలి. సాయం కావాల్సి వస్తే నిమిషంలో ఆరుసార్లు ఊదు, ఒక నిమిషం ఆగు, మళ్లీ ఊదు. ఫోన్ కలిస్తే అక్కడి అత్యవసర నంబరు 999కి చేసి ముందు పోలీసును, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. సిగ్నల్ సరిగా లేనిచోట మెసేజ్ పంపే వీలుంది, కానీ బయలుదేరకముందే 'రిజిస్టర్' అని ఇంగ్లీషులో 999కి మెసేజ్ పెట్టి నమోదు చేసుకోవాలి. ఇది ఇవాళే చెయ్యి.

ప్రతి పొద్దునా ఆ రోజు దారి, రాత్రి ఆగే చోటు నాకు పంపు. సాయంత్రం చేరగానే ఒక్క ముక్క చాలు. సిగ్నల్ ఉండదనుకున్న రోజు ముందే చెబితే మీ అమ్మకు టెన్షన్ ఉండదు. నీ టైము రాత్రి 9 దాకా కబురు లేకపోతే ఆ ప్రాంతం పోలీసులకు నేను ఫోన్ చేస్తాను. ఆ నంబర్లు దారి పొడవునా ఏ జిల్లాకు ఏదో రాసిపెట్టు, నీ కొత్త ప్లాన్‌తో కలిపి పంపు.

నాన్న