ఆకుల ప్రింటు రేయాన్ కిట్ కొన్నవాళ్లకి: తప్పు మాదే, ఏం చేస్తున్నామో చెబుతాను

దసరా ముందు మా దగ్గర ఆకుల ప్రింటు రేయాన్ టాప్ కిట్ కొన్నవాళ్లు ఇది చివరిదాకా చదవండి. కిట్ అంటే కొత్తవాళ్లకి తెలియకపోవచ్చు: టాపుకి సరిపడా గుడ్డ, కొలతలు గీసిన కాగితాలు, దారం, ఒక బొత్తాం, ఎలా కుట్టాలో రాసిన రెండు పేజీలు. ఇంట్లో మిషను ఉంటే చాలు.

పోయిన వారం గాజువాక నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "అక్కా, టాపు బాగా వచ్చింది, ఆఫీసులో అందరూ ఎక్కడ కుట్టించావని అడిగారు, రెండుసార్లు ఉతికాను, ఇప్పుడు మా అమ్మాయికి సరిపోతోంది" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు చెమటలు పట్టాయి. వాళ్లమ్మాయి ఏడో తరగతి.

ఫోన్ పెట్టేసి అదే తానులోంచి 50 సెంటీమీటర్ల చదరపు ముక్క కోసి, నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి టేపు పెట్టాను. అడ్డంగా 49, సర్లే అనుకోవచ్చు. నిలువునా 47. అంటే వందకి ఆరు పోయింది, 26 అంగుళాల టాపులో ఒకటిన్నర అంగుళం ఎగిరిపోయినట్టే. తాను అమ్మినవాళ్లు "ముందే తడిపి ఆరబెట్టిన సరుకమ్మా" అన్నారు, నేను సరే అన్నాను. ఇన్నేళ్లుగా గుడ్డ పట్టుకుంటున్నదాన్ని, ఒక్క ముక్క తడిపి చూడటానికి బద్ధకించాను, అంతే.

రేయాన్ చెక్క గుజ్జు నుంచి తీసే దారం. ఒంటిమీద మెత్తగా జారి కూర్చునేది, మన ఎండలకి చల్లగా ఉండేది అందుకే, చెమట కూడా బాగా పీల్చుకుంటుంది. కానీ తడిస్తే బలం తగ్గుతుంది. నేసేటప్పుడు బిగించి లాగిన పడుగు దారాలు, అంటే నిలువు దారాలు, నీళ్లు తగిలేసరికి వదులై వెనక్కి ముడుచుకుంటాయి, నిలువు పొడవు ఎక్కువ తగ్గడానికి కారణం అదే. అందుకని ఉతికేటప్పుడు పిండకండి, నీళ్లు వాటంతట అవే కారనివ్వండి.

ఇక నుంచి ప్రతి తానూ మేమే తడిపి, ఆరేసి, ఆ తర్వాతే కిట్‌కి కోస్తాం. వైజాగ్‌లో వానాకాలం గుడ్డ ఆరడమంటే తెలుసు కదా, మేడ మీద ఆరేసినది సాయంత్రానికి ముట్టుకుంటే ఇంకా చెమ్మగానే ఉంటుంది. కాబట్టి డెలివరీ రెండు రోజులు ఆలస్యమవుతుంది. గుడ్డ కూడా 2 మీటర్ల బదులు 2.25 ఇస్తున్నాం. కిట్ ధర 640 నుంచి 690 అవుతోంది. పెంచడం నాకూ ఇష్టం లేదు, కానీ ఆ పావు మీటరు నా జేబులోంచి వేసుకుంటే నెలాఖరుకి అద్దె కట్టలేను.

రెండో ఫిర్యాదు కింద అంచు గురించి. ముందూ వెనకా సమంగా ఉండి పక్కల మాత్రం వేలాడుతోందని ముగ్గురు ఫోటోలు పెట్టారు. ఇది కుట్టినవాళ్ల పొరపాటు కాదు, మేము రాసిచ్చిన పేజీల్లో ఒక ముక్క లేదు. ఈ టాపు కిందికి వెడల్పవుతుంది కదా, పక్క కుట్టు దగ్గర గుడ్డ క్రాస్‌లో, అంటే ఐమూలగా, పడుతుంది, క్రాస్‌లో పడిన గుడ్డ దాని బరువుకే సాగుతుంది. కింద మడత కుట్టకముందు టాపుని హ్యాంగర్‌కి తగిలించి ఒక రోజంతా వదిలేయాలి. మర్నాడు చూస్తే పక్కలు అర అంగుళం దిగి ఉంటాయి. అప్పుడు నేల నుంచి స్కేలుతో కొలిచి సమం చేసి, సన్నగా రెండు మడతలు పెట్టి కుట్టండి.

ఇంకో మాట, కత్తిరించేటప్పుడు ఫ్యాన్ ఆపండి. నిజంగా. చెమటలు కారినా సరే. ఫ్యాన్ గాలికి ఈ గుడ్డ ఎలా కదులుతుందో మీకే కనబడదు, కత్తిరించాక రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. నేల మీద గోధుమరంగు కాగితం పరిచి, దానిమీద గుడ్డ, పైన కొలతల కాగితం, మూడింటికీ కలిపి గుండుసూదులు గుచ్చి మొత్తం ఒకేసారి కోయండి. న్యూస్‌పేపరు వద్దు, సిరా అంటుకుంటుంది. అయినా జారుతుంటే అమ్మమ్మల ఉపాయం ఉండనే ఉంది: పల్చటి గంజి. గుడ్డలో వడకట్టి పెట్టండి, లేకపోతే తెల్ల మచ్చలు పడతాయి. ఆరి ఇస్త్రీ అయ్యాక కాగితంలా నిలబడుతుంది, కుట్టడం అయ్యాక ఉతికితే మళ్లీ మెత్తబడుతుంది. గంజి పెట్టి నెలల తరబడి బీరువాలో దాచకండి, బూజు పడుతుంది.

మెడ కోసిన వెంటనే, వేరే పని ముట్టుకోకముందే, అంచుకి కాస్త లోపలగా భుజం నుంచి మెడ మధ్యకి ఒక వరస కుట్టేయండి. రెండో వైపు కూడా భుజం నుంచే మొదలుపెట్టండి. ఇది చేయకపోతే మెడ సాగి గుండ్రం కాస్తా గుమ్మడికాయ అవుతుంది, నా మొదటి టాపు అలాగే పోయింది. భుజం కుట్టులో తాను అంచు నుంచి చీల్చిన సన్నటి పీలిక కలిపి కుడితే అది ఎప్పటికీ జారదు.

సూది సంగతి చాలామంది పట్టించుకోరు. ఇంట్లో మిషన్లకి మామూలుగా 14 గానీ 16 గానీ వేసి ఉంటుంది, దాంతో ఈ గుడ్డ కుడితే చిన్న చిన్న చిల్లులు పడి దారం లాగేస్తుంది. 11 నంబరు వేయండి, కొత్తది. సముద్రగాలికి ఊరికే పెట్టిన సూదులు కూడా తుప్పు పడతాయి, పాత డబ్బాలోది తీసి వాడకండి. ఇకపై కిట్‌లో ఒక కొత్త సూది పెడుతున్నాం.

పక్క కుట్లకి ఓవర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా వేరే మిషను మీద వేసే కుట్టు) అక్కర్లేదు. మొదట ఉల్టా వైపులు కలిపి పావు అంగుళంలో కుట్టి, మిగిలిన అంచుని అందులో సగానికి కత్తిరించి, తిప్పి, ఇస్త్రీ చేసి, మళ్లీ పావు అంగుళంలో కుడితే పోగులన్నీ లోపల దాక్కుంటాయి. ఇస్త్రీ పెట్టె రుద్దకండి, ఎత్తి ఎత్తి పెట్టండి.

పాత కిట్ కొన్నవాళ్లకి రెండు దారులు. ఇంకా కోయనివాళ్లు గుడ్డ వెనక్కి ఇచ్చేయండి, పూర్తి డబ్బు ఇస్తాను, లేదా కొత్త కిట్ పట్టుకెళ్లండి. కుట్టేసి పొట్టిదైపోయినవాళ్లకి అదే ప్రింటులో 40 సెంటీమీటర్ల ముక్క ఊరికే ఇస్తాం, తడిపి ఆరేసిందే, కింద పట్టీలా వేసుకుంటే పొడవు సరిపోతుంది, చూడటానికీ బాగుంటుంది. ఎలా వేయాలో మా కటింగ్ మాస్టారు చూపిస్తారు. ఆ ప్రింటు నా దగ్గర 11 మీటర్లే ఉంది, ముందొచ్చినవాళ్లకి ముందు. ఎంవీపీ కాలనీ షాపుకి మధ్యాహ్నం మూడు తర్వాత రండి, పొద్దున మేమంతా మేడ మీద తాన్లు ఆరేస్తూ ఉంటాం, కింద బెల్లు కొట్టినా వినబడదు.