ఉప్పు కరుగుతుంది, పసుపు ఎందుకు కరగదు?

చిట్టితల్లీ,

ఉప్పు ఇట్టే కరిగిపోతుంటే పసుపు గిన్నె అడుగున పేరుకుంటోందేమిటని అడిగావుగా. ఫోన్‌లో చెప్తే సగమే ఎక్కుతుంది, అందుకే రాస్తున్నాను.

నీటి అణువులో ఆక్సిజన్ వైపు కాస్త ఋణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం ఉంటాయి. దాంతో నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. వాటి మధ్యకు కొత్తది రావాలంటే, తెగిన ఆ పట్టుకు బదులు ఇంకో పట్టు ఇవ్వాలి. ఉప్పు ఇస్తుంది. అందులో ఉండేవి అయాన్లు, అంటే ఆవేశమున్న కణాలు: సోడియంది ధనావేశం, క్లోరైడ్‌ది ఋణావేశం. సోడియం అయాన్ చుట్టూ నీళ్లు ఆక్సిజన్ వైపు తిరిగి మూగుతాయి, క్లోరైడ్ చుట్టూ హైడ్రోజన్ వైపు తిరిగి మూగుతాయి. చక్కెరలో అయాన్లు లేకపోయినా ఒళ్లంతా ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలే. మామూలు వేడిలో 100 గ్రాముల నీళ్లు ఉప్పును 36 గ్రాముల దాకా పుచ్చుకుంటాయి, చక్కెరనైతే 200 గ్రాముల దాకా! కాచితే చక్కెర ఇంకా బోలెడు కరుగుతుంది, ఉప్పు మాత్రం పెద్దగా పెరగదు.

పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్‌లో ఎక్కువ భాగం కార్బన్ చట్రమే. నీళ్లకు అక్కడ పట్టు దొరకదు. నూనెకు, నీళ్లకు పడదంటారు గానీ, నన్నడిగితే అది అన్యాయం. వాటి మధ్య కొంత ఆకర్షణ ఉంటుంది. కాకపోతే నీళ్లకు నీళ్ల మీదే మక్కువ ఎక్కువ. ఈసారి పసుపు పోపులో వేసి చూడు, నూనె పచ్చగా మారిపోతుంది. స్టవ్ సిమ్‌లో పెట్టు, మాడితే చేదు. మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ కూడా అంతే. నోరు మండినప్పుడు మీ నాన్న చెంబెడు నీళ్లు తాగి ఇంకా మండుతోందంటారు చూడు, ఆ మంట నీళ్లకు లొంగదు. పెరుగో పాలో అయితే కొవ్వూ, ప్రోటీనూ కలిసి దాన్ని లాగేస్తాయి.

అయాన్లుంటే చాలు కరుగుతుందనుకుంటావేమో, ఆగు. గుడ్డు పెంకులో ఉండేది కాల్షియం కార్బొనేట్. అందులోనూ అయాన్లే ఉన్నాయి, కానీ ఒక్కోదాని మీద రెట్టింపు ఆవేశం. అవి ఒకదాన్నొకటి పట్టుకున్న పట్టు ముందు నీళ్ల బలం చాలదు. 100 గ్రాముల నీళ్లలో కరిగేది ఒక మిల్లీగ్రాము అటూఇటూ. అదే పెంకు మీద నిమ్మరసం పిండితే బుడగలొస్తాయి. అయితే అది కరగడం కాదు, రసాయన చర్య. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్.

ఇంకేమైనా డౌటుంటే రాయి.

అమ్మ