మంత్రి గారూ, ఆ పదహారు పేర్ల కోసం ఒక్క ఉత్తరం ఇప్పించండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

భీమవరం నుంచి ఒక రిటైరైన కెమిస్ట్రీ లెక్చరరు నమస్కరించి రాసుకుంటున్నది.

అయ్యా, ఇది మీకు నా ఎనిమిదో అర్జీ. మన భీమవరంలో పుట్టి అమెరికాలో మందుల పరిశోధన చేసిన యల్లాప్రగడ సుబ్బారావు గారి జట్టు పాత కాయితాలు సేకరించడానికి ప్రభుత్వం తరఫున ఒక్క ఉత్తరం ఇప్పించమన్నదే నా కోరిక. మొదటిది మూడేళ్ల కిందట జనవరి 12న, ఆయన జయంతి సభలో, వేదిక మీదే మీ చేతికిచ్చాను. మీరు నిలబడే చదివారు. జేబులోంచి ఆకుపచ్చ ఇంకు పెన్ను తీసి, పైన ఎడమ మూల "తగు చర్య నిమిత్తం" అని రాసి పొట్టి సంతకం పెట్టారు. తర్వాత మైకు దగ్గరికి వెళ్లి, "మాస్టారు డబ్బులడగలేదు, ఒక్క ఉత్తరం అడిగారు, పది రోజుల్లో ఆయన ఇంటికి వస్తుంది" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మూడేళ్లు దాటింది. ఉత్తరం రాలేదు.

తర్వాతి నాలుగు అర్జీలు రిజిస్టరు పోస్టులో పంపాను. రెండు స్వయంగా మీ పేషీకి వచ్చి ఇచ్చాను. ఆరింటికీ రసీదులు ఉన్నాయి. మీరు సంతకం పెట్టిన ఆ మొదటి కాయితం మాత్రం ఎక్కడుందో సెక్షన్లో ఎవరూ చెప్పలేకపోయారు. ఇది మా శాఖకు రాదని ఒకరన్నారు. పక్క శాఖకు వెళితే, ఆయన డాక్టరు కదా, ఆరోగ్యం వాళ్లను అడగండి అన్నారు. అక్కడికి వెళితే, చరిత్ర అంటే మాది కాదండీ అన్నారు. మూడు మెట్ల దారులూ ఎక్కి దిగాను. నాకు అరవై ఎనిమిదేళ్లు, ఎడమ మోకాలు సరిగా వంగదు.

ఒక్కసారి మాత్రం జవాబు వచ్చింది. కవరు చేతికి రాగానే మా ఆవిడ దేవుడి దగ్గర పెట్టి తెచ్చింది. విప్పితే విషయం అన్నచోట "సుబ్బారావు గారి విగ్రహ ఏర్పాటు గురించి" అని ఉంది. కింద "పరిశీలనలో ఉన్నది" అని రెండు ముక్కలు. అయ్యా, నేను విగ్రహం అడగలేదు. ఏ అర్జీలోనూ అడగలేదు. నా కాయితం ఎవరూ చదవలేదని ఆ రోజు నాకు అర్థమైంది. అప్పటిదాకా ఆలస్యమే అనుకున్నాను.

సుబ్బారావు గారి గురించి మీకు చెప్పక్కర్లేదు, ఆ సభలో మీరే అరగంట మాట్లాడారు. ఆయన పనిచేసిన జట్టు గురించి మాత్రం ఆ అరగంటలో ఒక్క మాటా రాలేదు. తప్పు మీది కాదు, మనందరిదీ. 1940లో ఆయన హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే చిన్న ఊళ్లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరారు. అది అమెరికన్ సయనమిడ్ కంపెనీ సొంతం. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ల వయసులో, ఆ ఊళ్లోనే పోయారు. ఆ ఎనిమిదేళ్లలో ఆ గదుల్లోంచి వచ్చిన మందులు ఇవాళ్టికీ మన ఆసుపత్రుల్లో ఉన్నాయి. ఆ పని ఒక్కడు చేసింది కాదని ఆయన తన కాయితాల్లోనే చూపించారు.

నా బల్ల మీద ఒక జిరాక్సు ఉంది, 1946లో "సైన్స్" పత్రికలో ఫోలిక్ ఆమ్లం అనే విటమిను నిర్మాణం, తయారీ గురించి వచ్చిన వ్యాసం. పేరు కింద పదహారుమంది. ఆంజియర్, బూత్, హచింగ్స్, మోవాట్, సెంబ్, స్టోక్‌స్టాడ్, సుబ్బారావు, వాలర్. అక్కడితో అక్షరక్రమం ఆగి మళ్లీ మొదలవుతుంది. కొషులిచ్, ఫారెన్‌బాక్, హల్ట్‌క్విస్ట్, కూ, నార్థీ, సీగర్, సికెల్స్, స్మిత్. రీసెర్చి డైరెక్టరైన సుబ్బారావు గారి పేరు ముందు లేదు, చివర పెద్దరికంగానూ లేదు. అక్షరాల వరసలో ఏడోది. ముప్పై ఒక్క ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, గైడు పేరు ఎక్కడ ఉండాలన్న దగ్గర ఎన్ని గొడవలు జరుగుతాయో చూశాను. ఆ ఏడో స్థానం చూసినప్పుడల్లా నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

రెండో వరసలో చాలామంది న్యూజెర్సీలోని బౌండ్ బ్రూక్ వాళ్లు. అక్కడ ఉన్న, అదే సయనమిడ్ కంపెనీకి చెందిన కాల్కో విభాగం ప్రధానంగా బట్టల రంగుల రసాయనాలు చేసేది. రంగుల కెమిస్టులకు విటమినుతో ఏం పని అని నేను మొదట్లో తెల్లబోయాను. ఫోలిక్ ఆమ్లం అణువులో ఒక భాగం టెరిడిన్ అనే పరమాణువుల వలయం, సీతాకోకచిలుకల రెక్కల రంగుల్లో మొదట దొరికిన జాతి అది. మందుల షాపులో ఫోలిక్ ఆమ్లం మాత్ర తీసి చూడండి, పసుపుగా ఉంటుంది. ఆ పసుపుతో బతికినవాళ్లే ఆ వలయాన్ని కట్టే పనిలో చేయి కలిపారు. ఆ రెండు ఊళ్ల మధ్య ఎవరు ఏ పని పంచుకున్నారు, ఏ మెట్టు దగ్గర ఎవరు ఎదురు చెప్పారు, ఎన్నిసార్లు చెడిపోయింది? ఇదే నేను రాయాలనుకుంటున్న చరిత్ర. నాకు కావలసింది ఇంతే.

ఆ పదహారుమందిలోని సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ 1947లో ఫోలిక్ ఆమ్లాన్ని కొద్దిగా మార్చి దానికే విరోధి అయిన పదార్థం చేశారు, అమినోప్టెరిన్. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తకేన్సరు పిల్లలకు ఇచ్చి, 1948 జూన్‌లో పదహారుమంది పిల్లల సంగతి రాశారు. పదిమందిలో మెరుగు కనిపించింది. అది తాత్కాలికమేనని ఆయనే శీర్షికలో పెట్టారు. అయినా అంతకు ముందు ఆ జబ్బుకు చేసేదేమీ లేదు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్, మీ ఇంట్లోనో మీకు తెలిసిన ఇంట్లోనో కీళ్లవాతానికి వారానికొకసారి వేసుకుంటూనే ఉంటారు. ఇక ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కనిపెట్టిన బెంజమిన్ డగ్గర్ డెబ్బై దాటాక ఆ లాబులో చేరిన వృక్షశాస్త్రజ్ఞుడు, ఆయన కథ కొంత ప్రచారంలో ఉంది కాబట్టి వదిలేస్తున్నాను.

నా పని మొదలైంది మాత్రం వేరే మందు దగ్గర.

మా అమ్మకు కుడికాలు బోదకాలు. మా వీధిలో ఇంటికొకరు ఉండేవాళ్లు. నా చిన్నప్పుడు రాత్రి పది దాటాక ఫైలేరియా వాళ్లు లాంతరు పట్టుకుని వచ్చేవాళ్లు, ఆ జబ్బు పురుగులు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి కాబట్టి. అమ్మ నిద్రమత్తులో అరుగు మీద కూర్చుని చెయ్యి చాపేది. ఉంగరపు వేలు సూదితో గుచ్చి గాజుపలక మీద రక్తం అద్దేవారు. ఒకాయన ఆ పలకను లాంతరు వెలుగులో ఊపి ఆరబెట్టేవాడు. తర్వాత తెల్ల మాత్రలు వచ్చేవి, హెట్రజాన్. ఇప్పుడు ఆశా కార్యకర్తలు ఇంటికొచ్చి ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్ర అదే. అమ్మ కాలు తగ్గలేదు, అప్పటికే ఆలస్యమైపోయింది. నాకూ మా చెల్లెలికీ రాలేదు.

ఆ మాత్ర సుబ్బారావు గారి లాబులోనే పుట్టిందని నేను డిగ్రీ పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాకే తెలుసుకున్నాను. 1947లో హెవిట్, ఆయన తోటివాళ్లు దాని ఫలితాలు అచ్చువేశారు. ఫైలేరియా జాతి పురుగులున్న కాటన్ ఎలుకల మీద మందులు వరసగా పరీక్షించి దాన్ని పట్టుకున్నారు. భీమవరంలో పుట్టినవాడు డైరెక్టరుగా ఉన్న లాబులో భీమవరం జబ్బుకు మందు దొరికింది. మనం దీన్ని యాదృచ్ఛికం అని వదిలేయొచ్చా? ఆ పరీక్షల ఆలోచన ఎవరిది, ఆయన ఏ మీటింగులో ఏమన్నారు, అన్నది తెలుసుకోవడానికి ఆ జట్టు కాయితాలు తప్ప వేరే దారి లేదు.

అయిదేళ్ల కిందట నా ఈమెయిలుకు ఒక పెద్దావిడ జవాబిచ్చారు. ఆమె తండ్రి ఆ రోజుల్లో పెర్ల్ రివర్‌లో ఎలుకల గదిలో పనిచేసిన అసిస్టెంటు. వ్యాసాల్లో అతని పేరు ఎక్కడా లేదు. అటక మీద నాన్న పెట్టె ఉంది, మీకు పనికొస్తుందా అని అడిగారు. ఒక్క పేజీ ఫోటో తీసి పంపారు. గళ్ల కాయితం, పెన్సిలు రాత. ఎడమ పక్క ఎలుకల నంబర్లు, మధ్యలో మోతాదు, కుడి పక్క రక్తపు బొట్టులో లెక్కపెట్టిన పురుగులు. కిందికి వచ్చేకొద్దీ ఆ అంకెలు తగ్గుతున్నాయి. ఒక వరసలో సున్నా, దాని చుట్టూ రెండుసార్లు గుండ్రంగా గీత. నేను ఆ పేజీ చూసి ఏడ్చాను మంత్రి గారూ. మా అరుగు మీద లాంతరు కింద ఆరిన బొట్టు నాకు కనబడింది.

పెట్టె ఇస్తాను, కానీ మనిషికి కాదు, సంస్థకు ఇస్తాను, మీది ఏ సంస్థ అన్నారావిడ. న్యాయమైన మాట. అక్కడ ఆర్కైవులు కూడా అదే అడుగుతున్నాయి. మీరు ఏ యూనివర్సిటీ, ఏ ప్రభుత్వం తరఫున? రిటైరైన లెక్చరరుకు ఏ తరఫూ ఉండదు. అందుకే ఆ ఉత్తరం. "ఈయన చేస్తున్న పని మాకు తెలుసు, సేకరించిన కాయితాలను రాష్ట్ర ప్రభుత్వం భద్రపరుస్తుంది" అని లెటర్‌హెడ్ మీద నాలుగు మాటలు. టిక్కెట్టు డబ్బులు నావి. జిరాక్సులు, తర్జుమా, టైపింగు, అన్నీ నా పెన్షన్లోవి.

సభలో మీరు మాట ఇచ్చిన రాత్రే ఆమెకు రాశాను, పది రోజుల్లో వస్తుందని. నెలకు రాశాను. ఆరు నెలలకు రాశాను. రెండో ఏడు సంక్రాంతికి రాస్తే ఆమె మనవడు జవాబిచ్చాడు. అమ్మమ్మ పోయింది, ఇల్లు అమ్మేశాం, అటక మీదవి ఖాళీ చేసేవాళ్లకు ఇచ్చేశాం, క్షమించండి అని. ఆ అబ్బాయి క్షమాపణ అడగడం చూసి నాకు సిగ్గేసింది. అడగవలసింది మనం.

ఇంకా ఎన్ని పెట్టెలు ఉన్నాయో లెక్క వేయండి. ఆ జట్టులో పనిచేసినవాళ్ల పిల్లలకే ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. సయనమిడ్ 1994లో అమెరికన్ హోమ్ ప్రోడక్ట్స్ చేతికి వెళ్లింది, అది వైయెత్ అయింది, 2009లో వైయెత్ ఫైజర్ చేతికి వెళ్లింది. కంపెనీ చేతులు మారినప్పుడల్లా పాత కాయితాల దుమ్ము దులిపి ఏది ఉంచాలి, ఏది పారేయాలి అని తేల్చే మనిషి కూడా మారతాడు. జీవితచరిత్ర రాసిన పాత్రికేయుడు ఎస్.పి.కె. గుప్తా గారు ఒక్క మనిషిగా చేయగలిగింది చేసిపెట్టారు, ఆయన లేకపోతే మనకు ఆ మాత్రమూ తెలిసేది కాదు. ఇక మిగిలిన పని ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు. ప్రభుత్వం అడిగితే తెరుచుకునే తలుపులు కొన్ని ఉన్నాయి. నేను అడిగితే తెరుచుకోవు.

1995లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ల వేశారు, సంతోషం. ఏటా జనవరి 12న ఫోటోకు దండ వేస్తున్నాం, వేయండి. కానీ ఆ దండ పక్కన ఆ పదహారు పేర్లూ ఒక బోర్డు మీద రాయించమని మూడో అర్జీలో అడిగాను. స్ప్రూ జబ్బు, మన పెద్దలు గ్రహణి అనేది, ఆయన సొంత అన్నదమ్ముల్ని తీసుకుపోయింది. దానికి పనికొచ్చిన ఫోలిక్ ఆమ్లాన్ని చేసిన చేతులు అవి. ఆయన వాళ్ల మధ్య ఏడో పేరుగా నిలబడ్డారు, మనం ఆయన్ను ఒంటరిగా నిలబెట్టి ఫోటోలు తీసుకుంటున్నాం.

అయ్యా, చేతులు జోడించి అడుగుతున్నాను. ఉత్తరం ఇప్పించండి. ఏ శాఖ ఇవ్వాలో మీరే తేల్చండి, నేను తేల్చలేకపోయాను. ఇవ్వడం కుదరదంటే కుదరదనైనా రాసి పంపండి, ఇంకో గుమ్మం ఎక్కుతాను. పరిశీలనలో ఉన్నదని మాత్రం రాయించకండి. ఆ పేరుతో మరో పెట్టె పోతుంది. కాయితాలు వస్తే పెట్టుకోవడానికి భీమవరంలో తాళం పడే గది ఒకటి చూపించండి. చెద పట్టని బీరువా నేను కొంటాను.

వచ్చే సోమవారం పొద్దున మీ పేషీకి మళ్లీ వస్తున్నాను. సెక్షన్ వాళ్లకు శ్రమ లేకుండా ఉత్తరం ముసాయిదా నేనే తెలుగులోనూ ఇంగ్లీషులోనూ టైపు చేయించి ఈ లేఖకు జతపరిచాను. తెలుగుది పదకొండు పంక్తులే. కింద సంతకానికి చోటు వదిలాను, ఆకుపచ్చ ఇంకయినా సరే.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
భీమవరం