వంటింటి కరెంటు పొయ్యికి విడిగా పవర్ పాయింటు ఉండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. హన్మకొండ, కాజీపేట, వరంగల్ ప్రాంతాల్లో ఇండక్షన్ పొయ్యి వాడకం బాగా పెరిగింది. నయీంనగర్, కిషన్‌పుర వంటి చోట్ల విద్యార్థులు కిరాయికుండే గదుల్లో చాలామందికి అదే వంట ఆధారం. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు బోధించినవాడిగా నేను గమనించింది ఒకటుంది. పొయ్యి చెడిపోయిందని రిపేరు దుకాణానికి తీసుకువెళ్లే సందర్భాల్లో చాలావాటికి లోపం పొయ్యిలో ఉండదు, అది పెట్టిన సాకెట్టులోనో, గోడలోని వైరులోనో, లీకైన కరెంటును నేలలోకి పంపే ఎర్తింగులోనో ఉంటుంది.

2000 వాట్ల పొయ్యి 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. పాత ఇళ్ల వంటగదుల్లో మిక్సీ కోసం పెట్టిన చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. దానికి వెళ్లే వైరు కూడా సాధారణంగా లైట్లకు, ఫ్యానుకు వేసిన సన్నని వైరే. పెద్ద పిన్ను ఆ చిన్న సాకెట్టులో పట్టదు కాబట్టి బజారులో దొరికే అడాప్టరు తెచ్చి తగిలిస్తారు, లేదా ఎక్స్‌టెన్షన్ బాక్సు పెడతారు. మొదటి రోజుల్లో అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. క్రమంగా సాకెట్టు లోపల పిన్నును పట్టి ఉంచే లోహపు పత్తీలు వేడికి సడలుతాయి, సడలిన చోట ఇంకా ఎక్కువ వేడి పుడుతుంది, పిన్ను నల్లబడి ప్లాస్టిక్ కరుగుతుంది, పొయ్యి మధ్యమధ్యలో ఆగిపోతుంది. ఈ స్థితిలో పొయ్యి మార్చినా ప్రయోజనం లేదు. ప్లగ్గు ఒక్కటే మార్చినా కాలిన సాకెట్టు కొత్త ప్లగ్గును కూడా కాలుస్తుంది. రెండూ మార్చాలి, వైరు సన్నగా ఉంటే దాన్నీ మార్చాలి. వంట అయ్యాక ప్లగ్గును తాకి చూస్తే చెయ్యి పెట్టలేనంత వేడి ఉందంటే అదే హెచ్చరిక.

ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తనంతట తానే ఆగిపోయే బోర్డులోని స్విచ్చి) పడిపోవడం మరో ఫిర్యాదు. స్విచ్చి వేసిన క్షణంలోనే పడితే పొయ్యిలోనో, దాని వైరులోనో షార్టు ఉందని అనుమానించాలి. పది, పదిహేను నిమిషాలు నడిచాక, అదీ గీజరో ఇస్త్రీ పెట్టో వాడుతున్నప్పుడు పడితే, ఆ సర్క్యూట్ మీద లోడు ఎక్కువైందని అర్థం. పదేపదే పడుతోందని విసిగి 16 ఆంపియర్ల ఎంసీబీ స్థానంలో 32 ఆంపియర్లది వేయించుకునేవారు ఉన్నారు. ఇది చాలా ప్రమాదకరం. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడడానికి. వైరు మార్చకుండా ఎంసీబీ పెంచితే ముందుగా కాలేది గోడలోని వైరే.

గిన్నె తాకినప్పుడు చేతికి జివ్వుమంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఎర్తింగు లేని సాకెట్టులో మూడో పిన్ను ఉన్నా లేనట్టే. మన ప్రాంతంలో రాతినేల ఎక్కువ, ఎండాకాలంలో ఎర్తు గుంత ఎండిపోయి నేలతో సంబంధం బలహీనపడుతుంది. అందుకే వేసవిలో గుంతలో నీళ్లు పోయడం అవసరం. ఎలక్ట్రీషియన్‌ చేత ఫేజుకు (కరెంటు వచ్చే వైరుకు), ఎర్తుకు మధ్య వోల్టేజీ కొలిపిస్తే ఎర్తింగు అసలు ఉందో లేదో తెలుస్తుంది. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించుకుంటే ప్రాణానికి మరో రక్షణ. పైన గాజు పలక పగిలిన పొయ్యిని మాత్రం ఒక్క పూట కూడా వాడవద్దు, పొంగిన పాలు, నీళ్లు ఆ పగులులోంచి నేరుగా లోపలి విద్యుత్ భాగాల మీదికి చేరతాయి.

పొయ్యి కూతపెట్టి ఆగిపోతే ముందు గిన్నె చూడాలి. అడుగున అయస్కాంతం అంటుకోని అల్యూమినియం, రాగి గిన్నెలు ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కవు. కొంతసేపు వండాక ఆగిపోతుంటే అడుగున గాలి తీసుకునే జాలీ దుమ్ముతో నిండిందేమో, పొయ్యి కింద పరిచిన గుడ్డ దాన్ని మూసిందేమో చూడాలి. తెర మీద కనిపించే ఎర్రర్ కోడ్ల అర్థం కంపెనీని బట్టి మారుతుంది కనుక దానితో వచ్చిన పుస్తకాన్ని పారేయకూడదు.

కాయిల్ పొయ్యి సాయంత్రం వేళ మందగిస్తే అది లోవోల్టేజీ వల్ల కావచ్చు. 230 వోల్టులు 200కు తగ్గితే కాయిల్ ఇచ్చే వేడి దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. పక్కిళ్లలోనూ అలాగే ఉంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయాలి. కొన్ని గదుల్లో లైట్లు మరీ ప్రకాశంగా, కొన్నింటిలో మసకగా వెలుగుతుంటే మాత్రం న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) తెగి ఉండవచ్చు. వెంటనే మెయిన్ ఆపి, ఆ తరువాతే ఫోన్ చేయాలి. ఆలస్యమైతే పొయ్యితో పాటు ఫ్రిజ్, టీవీ కూడా కాలిపోతాయి.

ఇళ్లు కిరాయికిచ్చే యజమానులకు నా విన్నపం ఒక్కటే. వంటింట్లో మెయిన్ బోర్డు నుంచి విడిగా, కనీసం 2.5, వీలైతే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో, ఎర్తింగు కలిపి, 16 ఆంపియర్ల సాకెట్టు ఒకటి పెట్టించండి. వంటకు కరెంటు పొయ్యి వాడవద్దని షరతు పెట్టినా, సిలిండరు దొరకని విద్యార్థి చిన్న సాకెట్టులోనే దొంగచాటుగా వండుకుంటాడు. గది చూడడానికి వెళ్లేవారు కూడా నీళ్ల గురించి అడిగినట్టే ఈ పాయింటు గురించి అడిగి, ఎర్తింగు పరీక్ష చేయించాకే అడ్వాన్సు ఇవ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హన్మకొండ