మందు పనిచేసింది, అందుకే ఆగిపోయిందా? కేంద్ర ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నేను మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి రెండింటికీ జవాబు లేదు. మూడోదానికి మాత్రం వచ్చింది, నా అర్జీని సంబంధిత విభాగానికి పంపామని. ఆ విభాగం దాన్ని మా పాపకు వైద్యం చేస్తున్న ఆసుపత్రికే పంపింది. ఆసుపత్రి వాళ్లు ‘కేటాయించిన నిధులు అయిపోయాయి’ అని తిరిగి రాశారు. ఆ ఒక్క ముక్క చాలింది కాబోలు, పోర్టల్‌లో నా ఫిర్యాదు పక్కన పచ్చ రంగులో ‘పరిష్కరించబడింది’ అని వచ్చేసింది. ఏం పరిష్కరించారో నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం గురించి మీకు నేను చెప్పేదేముంది? మా పాపది గౌచర్ వ్యాధి. మీ లెక్కలో మూడో గ్రూపు. అంటే మందు ఉంది, జీవితాంతం వాడాలి, ఖరీదు చాలా ఎక్కువ. ఇవన్నీ మీ విధానంలో ఉన్న మాటలే. ‘జీవితాంతం’ అని రాసిన చేత్తోనే ‘సాయం 50 లక్షల రూపాయల వరకు’ అని ఎలా రాశారన్నదే నాకు అర్థం కావడం లేదు. మీ శాఖ లెక్కలో ఒక మనిషి జీవితాంతం అంటే ఎన్ని నెలలు సార్? మా పాపకు ఆ డబ్బు పద్నాలుగు నెలలు వచ్చింది.

జబ్బు పేరు తెలియడానికే ఏడాదిన్నర పట్టింది. పొట్ట ఉబ్బిందంటే నులిపురుగుల మందు, రక్తం తక్కువంటే ఐరన్ సిరప్, ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగీ. ఒకాయన బ్లడ్ క్యాన్సర్ కావచ్చు, మనసు గట్టి చేసుకోండి అన్నారు. ఎముక మజ్జ తీసి చూస్తే అదీ కాదు. చివరికి ఒక కుర్ర డాక్టరమ్మ దళసరి కాగితం మీద నాలుగు రక్తపు చుక్కలు పట్టి ఎంజైమ్ టెస్టుకు పంపింది. గ్లూకోసెరెబ్రోసిడేజ్ అనే ఎంజైమ్ లోపమని తేలింది. అది లేక ఒక రకం కొవ్వు కరగకుండా ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహంలో, కాలేయంలో, ఎముకల్లో పేరుకుపోతుందట. 1882లోనే ఒక ఫ్రెంచి వైద్యుడు వర్ణించిన జబ్బిది. 1990ల నుంచి మందూ ఉంది. ముందు చూసిన డాక్టర్లను నేను తప్పుపట్టను. ఇలాంటి కేసు ఒక్కటి కూడా తగలకుండానే ఎంతమంది రిటైరవుతారో. ఆ సంగతి వదిలేస్తాను.

వదలలేనిది తర్వాతి కథ. రెండు వారాలకోసారి, మంగళవారం నాడు ఇంజెక్షన్. ఐస్ పెట్టెలోంచి సీసా తీసి, పొడిలో నీళ్లు కలిపి, నర్సు దాన్ని అరచేతుల మధ్య నెమ్మదిగా తిప్పేది. కుదపకూడదట, నురగ వస్తే మందు పాడవుతుందట. ఆ సీసా వైపు నేను దేవుడి పటం వైపు చూసినట్టు చూసేదాన్ని. మొదటి రోజు డాక్టర్ గారు పాప పొట్ట మీద ప్లీహం అంచు ఎక్కడుందో పెన్నుతో గీత గీసి చూపించారు. బొడ్డు దగ్గరికి వచ్చింది ఆ గీత. ఏడాది తిరిగేసరికి పక్కటెముకల కింద రెండు వేళ్లకు తగ్గింది. ముక్కులోంచి రక్తం కారడం ఆగింది. కాళ్ల నొప్పులని రాత్రిళ్లు ఏడ్చే పిల్ల మెట్లు పరుగెత్తి ఎక్కింది.

పాప బరువు కూడా పెరిగింది. కష్టమంతా అక్కడే మొదలైంది. డోసు కిలోకు 60 యూనిట్లు. సీసాలో 400 యూనిట్లు. వైద్యం మొదలుపెట్టినప్పుడు పాప పన్నెండున్నర కిలోలు, రెండు సీసాలు సరిపోయేవి. పదమూడు కిలోల మూడొందల గ్రాములు దాటితే మూడో సీసా తెరవాలి. తెరిచాక మిగిలింది దాచుకోవడానికి లేదు, పారేయాలి. పాపను తూకం మీద నిలబెట్టినప్పుడల్లా నా గుండె దడదడలాడేది. బరువు పెరిగితే కన్నతల్లికి సంతోషం కదా సార్? నేను ముల్లు అక్కడే ఆగాలని మొక్కుకున్నాను. ఒకరోజు చెప్పులు విప్పించి, గౌను మీది స్వెట్టర్ కూడా తీసేసి తూయించాను. నర్సుకు అర్థమైంది, ఏమీ అనలేదు. డాక్టర్ గారు కూడా ఒకసారి రెండు, ఒకసారి మూడు సీసాలు వేస్తూ కొన్నాళ్లు సర్దారు. పాప ఆగుతుందా? పదిహేనున్నర కిలోలకు వచ్చింది. మందు పనిచేసిన కొద్దీ పిల్ల పెరిగింది, పిల్ల పెరిగిన కొద్దీ మీ 50 లక్షలు కరిగిపోయాయి. మందు పనిచేయకపోయి ఉంటే ఆ డబ్బు ఇంకొన్నాళ్లు వచ్చేదేమో!

ఆఖరి సీసా అయిపోయి ఐదు నెలలు దాటింది. మొదటి మంగళవారం పాప అడిగింది, “అమ్మా, ఇవాళ సూది లేదా?” అని. లేదన్నాను. చప్పట్లు కొట్టింది. ఇప్పుడు అడగడం మానేసింది. రోజూ స్నానం చేయిస్తూ పక్కటెముకల కింద వేళ్లు పెట్టి చూస్తాను. రెండు వేళ్లు మూడయ్యాయి, మూడు నాలుగయ్యాయి. ప్లేట్‌లెట్లు మళ్లీ దిగుతున్నాయి. పోయిన వారం కుడి తొడ నొప్పని రాత్రంతా పడుకోలేదు. ఎముక ఒకసారి దెబ్బతింటే తర్వాత ఎంత మందు పోసినా వెనక్కి రాకపోవచ్చని డాక్టర్ గారు అన్నారు. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటారు, మమ్మల్ని నడి ఏట్లో ఉంచి తెప్ప లాగేసుకున్నారు.

ఎవరిని అడిగినా ఒక్కో జవాబు. దాతల కోసం పోర్టల్ ఉంది కదమ్మా, అందులో పేరుందిగా అంటారు. ఉంది. ఎన్ని నెలలు చూసినా దాని పక్కన ఒక్క సీసాకు సరిపడా డబ్బు చేరలేదు. వేలమంది పేర్ల మధ్య మా పాప ఒక నంబరు. ఎవరైనా ఎందుకు ఎంచుకోవాలి దాన్ని? ఒక్కోసారి ఆ జాబితాలో పక్క పిల్లలను చూసి, వీళ్లకంటే మా పాపకే ముందు రావాలని అనుకుంటాను. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడతాను.

ఇంకొకరు దేశీయ మందు వచ్చిందిగా అన్నారు. నిజమే, గౌచర్‌కు ఎలిగ్లుస్టాట్ అనే మందు దేశంలోనే తయారవుతోందని, ఏడాదికి కోట్లలో ఉండే ఖర్చు 3 నుంచి 6 లక్షలకు దిగిందని 2023 నవంబరులో మీ శాఖే ప్రకటించింది. ఎగిరి గంతేసి డాక్టర్ గారి దగ్గరికి పరుగెత్తాను. ఆ మందు పెద్దవాళ్లకని, మా పాపకు ఇప్పుడే ఇవ్వలేనని చెప్పారు. ఫోన్‌లో మాట్లాడిన మీ అధికారికి ఇదే చెబితే, “అయితే పెద్దదయ్యేదాకా ఆగండి” అన్నారు. ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే సలహా ఇచ్చారు. దాన్ని తలుచుకుంటే ఇంకా బాధగా ఉంటుంది.

విదేశాల నుంచి సొంతానికి తెప్పించుకునే ఈ మందులకు 2023 ఏప్రిల్ నుంచి కస్టమ్స్ సుంకం తీసేశారు. దానికి కృతజ్ఞతలు. కొనగలిగిన వాళ్లకు మేలే. 2024 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు ప్రత్యేక జాతీయ నిధి పెట్టమంది, రెండేళ్లకు 974 కోట్లు కేటాయించమంది, 50 లక్షల పరిమితిని సడలించమంది. ఆ రాత్రి ఇంట్లో అందరం మేలుకొని కూర్చున్నాం. తర్వాత వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టుల్లో వాయిదాలు ఉంటాయి సార్, ప్లీహానికి వాయిదా తెలియదు.

ఫిబ్రవరి చివరి రోజు అరుదైన వ్యాధుల దినం అని పిలిస్తే వెళ్లాం. బెలూన్లు కట్టారు. పిల్లలందరినీ ముందు వరసలో కూర్చోబెట్టారు. వేదిక మీద ‘ఏ ఒక్కరినీ వదిలిపెట్టం’ అన్నారు. మా పాప ఫోటోలో ఎడమ చివర ఉంది, పసుపు గౌను. అప్పటికి దానికి మందు ఆగి నాలుగు వారాలు.

మిమ్మల్ని నేను అడిగేది ఏమిటో నాకే సరిగ్గా తెలియదు. 50 లక్షలను కోటి చేయండి అంటే అదీ ఏడాది రెండేళ్లలో అయిపోతుంది. ఈ పరిమితి మనిషికి ఒక్కసారి కాకుండా ఏడాదికింత అని పెట్టండి. కాకపోతే కంపెనీలతో మీరే బేరమాడి అందరికీ కలిపి కొనండి. అదీ కాకపోతే ఇంకేదైనా చేయండి, పెద్దవాళ్లు మీకే తెలియాలి. అప్పటిదాకా మొదలుపెట్టిన పిల్లలకైనా మధ్యలో ఆపకండి. దయచేసి ఆపకండి. నెలకు రెండు మంగళవారాలు, మూడేసి సీసాలు.

అవన్నీ తేలడానికి టైం పడుతుందంటారా, సరే. నా ఫిర్యాదు నంబరు మీ దగ్గర ఉంది. ముందు దాని పక్కనున్న ‘పరిష్కరించబడింది’ అన్న మాట తీయించండి.

ఇట్లు,
ఆరేళ్లు నిండబోతున్న ఒక పాప తల్లి