జవాబు పత్రం మీద పేరు ఎందుకు?

గౌరవనీయులైన సంపాదకుడికి,

నమస్కారం. పబ్లిక్ పరీక్షల్లో విద్యార్థి పేరు కనిపించకుండా కోడ్ నంబరు వేసి దిద్దించడం న్యాయమని అందరం ఒప్పుకుంటాం. తరగతి పరీక్షలకు, ప్రాజెక్టులకు, తుది ఫలితంలో కలిసే ఇంటర్నల్ మార్కులకు ఆ న్యాయం ఎందుకు వర్తించకూడదన్నదే నా ప్రశ్న.

నేను చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను, పేపర్లు దిద్దాను. కట్టలోంచి పేపరు తీయగానే ముందు పేరు చూడటం నాకు అలవాటుగా ఉండేది. ఒకసారి పేరున్న మొదటి పుట ఊడిపోయిన పేపరు దిద్ది, మంచి మార్కులు వేసి, అది ఎవరిదని ఆరా తీస్తే, ఏడాదంతా నేను వెనకబడినవాడిగా జమకట్టిన పిల్లవాడిదని తేలింది. అతని పాత పేపర్లు తెప్పించుకుని మళ్లీ చదివాను. సగంలో ఆగిన జవాబు బాగా చదివే పిల్లలదైతే టైము చాలక వదిలేశారనుకుని వేసే అర మార్కును, ఇతనికి రాకనే వదిలేశాడనుకుని నేను వేయలేదు. ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు, ద్వేషం అసలే లేదు. అయినా అన్యాయం జరిగింది, అది నా చేతి మీదుగానే జరిగింది.

ఇది నా ఒక్కదాని లోపమే అయితే ఈ లేఖ రాసేదాన్ని కాదు. 1913లో స్టార్చ్, ఇలియట్ అనే అమెరికన్ పరిశోధకులు ఒకే రేఖాగణితం జవాబు పత్రాన్ని వందకు పైగా ఉపాధ్యాయుల చేత దిద్దించగా, మార్కులు 28 నుంచి 95 వరకు వచ్చాయి. లెక్కల్లోనే అంత తేడా ఉంటే వ్యాసరూప సమాధానాల సంగతి వేరే చెప్పాలా? ఒక మనిషిలో ఒక గుణం నచ్చితే మిగతా గుణాలకూ ఎక్కువ విలువ కట్టే మన తీరును ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1920లోనే గుర్తించాడు. అందమైన చేతిరాత, వినయంగా లేచి నిలబడటం, ముందు బెంచీలో కూర్చోవడం, ఇవన్నీ మనకు తెలియకుండానే మార్కుల్లోకి చేరిపోతాయి.

2012లో రీమా హన్నా, లీ లిండెన్ ప్రచురించిన భారతదేశపు అధ్యయనం ఇంకా కలవరపెడుతుంది. జవాబు పత్రాలపై కులం, వయసు, ఆడా మగా అన్న వివరాలను ఎవరివి ఎవరికో మార్చి రాసి ఉపాధ్యాయులకు దిద్దడానికి ఇస్తే, నిమ్న కులాలవని చూపిన పేపర్లకు మార్కులు కొద్దిగా తగ్గాయి. ఆ వివక్ష కట్టలో ముందుగా దిద్దిన పేపర్లలో ఎక్కువగా కనిపించింది. దిద్దేవారికి కొలమానం ఇంకా కుదరని వేళ, ఆ ఖాళీని విద్యార్థి గురించిన అభిప్రాయం పూరిస్తుందని నేను దీన్నిబట్టి అర్థం చేసుకున్నాను.

విద్యార్థి తెలిసి ఉంటేనే సరిగా అంచనా వేయగలమని తోటి ఉపాధ్యాయులు అంటారు. పాఠం చెప్పడానికి, తప్పు సరిదిద్దడానికి ఆ పరిచయం ఎంతో అవసరం, నేనూ ఒప్పుకుంటాను. కానీ మార్కు వేసే ఆ కొద్ది నిమిషాలూ దాన్ని పక్కన పెట్టవలసిందే. ఎందుకంటే తక్కువ మార్కు తిరిగి మన అభిప్రాయాన్నే బలపరుస్తుంది. ఆ అభిప్రాయంతో మనం ఆ పిల్లవాడిని ప్రశ్నలు అడగడం తగ్గిస్తాం, జవాబు కోసం ఆగడం మానేస్తాం. చివరికి అతను నిజంగానే వెనకబడతాడు.

పేరును చివరి పుటలో రాయించడానికి పైసా ఖర్చు లేదు. ఒక్కొక్కరి పేపరు మొత్తం కాకుండా, మొదటి ప్రశ్నకు అందరి జవాబులూ దిద్ది తర్వాత రెండో ప్రశ్నకు వెళ్తే, ముందు జవాబు ప్రభావం తర్వాతి దానిపై పడదు. ఏ అంశానికి ఎన్ని మార్కులో దిద్దడానికి ముందే రాసి పెట్టుకోవాలి. పేరు దాచలేని ప్రాజెక్టులకు, మౌఖిక పరీక్షలకు ఆ తరగతికి బోధించని మరో ఉపాధ్యాయుడు కూడా విడిగా మార్కులు వేయాలి. దిద్దిన పేపరు చూసి మార్కు ఎందుకు తగ్గిందని అడిగే హక్కు విద్యార్థికి ఉండాలి, అలా అడిగినందుకు అతనిపై పొగరుబోతన్న ముద్ర పడకూడదు.

కనీసం ఇంటర్నల్ మార్కులు తుది ఫలితంలో కలిసే తరగతులకైనా విద్యాధికారులు ఈ పద్ధతిని తప్పనిసరి చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు